చెంప ఆనిన మచ్చ

పాత మౌజర్ వేట తుపాకులు కొని తీర్చిదిద్దడం నాకు పిచ్చి. కొత్తపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు, కాలం చేసిన వాళ్ళ నాన్నగారి తుపాకీని లైసెన్సు కాగితాలన్నీ మార్పించి నాకు అమ్మారు. గురి చూసేటప్పుడు వాళ్ళ నాన్నగారి చెంప ఆని ఆని తుపాకీ వెనక చెక్క మీద నల్లటి మచ్చ పడింది.

"దాన్ని మాత్రం ఉంచండి. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటానండీ" అన్నారు మాస్టారు. సరేనన్నాను. తర్వాత అందం కోసం చెక్కంతా గీకించి పాలిష్ వేయించాను.

ఆయన వచ్చి చెక్క తడిమారు. "మచ్చేదండీ?"

"నున్నగా వచ్చింది కదండీ!" అన్నాను.

"ఆయ్, బాగుందండీ" అంటూ కాఫీ సగంలో వదిలేసి లేచారు.

తప్పయిందని అప్పుడే అనాల్సింది. తూటా ఎక్కించే బోల్టు ఎంత తేలిగ్గా కదులుతోందో చూపిస్తూ గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆదివారాలు ఒక్కణ్ణే కూర్చుని తుపాకీకి నూనె రాస్తుంటాను. కొత్తపేట అరగంట దూరం. ఇంకా వెళ్ళలేదు.