జాబితాలో లేని జ్వరం

ప్రభుత్వం ఏ జబ్బు మీద పరిశోధనకు నిధులిస్తుందో, ఏ జబ్బును గాలికి వదిలేస్తుందో ఎవరు తేలుస్తారని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. ఒక ఆడమనిషి కడుపుతో ఉన్న నెలలు లెక్కపెట్టుకుంటూ తెలుసుకున్నాను.

ఫ్యాక్షన్ ముదిరి ఉన్న ఏళ్ళవి. నేను ప్రొద్దుటూరులో కాపురముంటూ, రోజూ జమ్మలమడుగు మీదుగా ఒక పల్లెలో ఉన్న చిన్న ప్రభుత్వాసుపత్రికి పోయి వచ్చే డాక్టరును. ఊళ్ళో ఏదైనా జరిగిందంటే బస్సు జమ్మలమడుగులోనే ఆగిపోయేది. ఆ రోజు రోగులుండరు, మర్నాడు రెండింతలుంటారు. ఆ ఊరికి రెండు వీధులు, రెండు పార్టీలు, రెండు టీ అంగళ్ళు. ఆసుపత్రి మాత్రం ఒకటే కాబట్టి పైవీధి వాళ్ళు పొద్దున, కిందివీధి వాళ్ళు మధ్యాహ్నం వచ్చేవాళ్ళు. ఆ వేళలు నేను పెట్టినవి కావు. నేను చేరేనాటికే ఉన్నాయి.

ఆమె పైవీధిలో గొర్రెలు మేపే ఇంటి కోడలు. అప్పటికే రెండు కాన్పులు పోయాయి, ఒకటి ఐదో నెలలో, ఒకటి ఆరో నెలలో. మూడోసారి రెండో నెలలో నా దగ్గరికి వచ్చింది. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి దుప్పటి తడిసేంత చెమట, నడుము నొప్పి. వారం ఉంటుంది, వారం పోతుంది, మళ్ళీ వస్తుంది.

"ఇదన్నా నిలుస్తాదా డాక్టరమ్మా?" అని అడిగింది.

ఎందుకో మీ గొర్రెలెలా ఉన్నాయని అడిగాను.

"అవి గూడా ఈసుకపోతాండాయమ్మా. శానా పాయ. నేనే చేత్తో లాగేస్తి" అంది. ఈసుకపోవడమంటే నెలలు నిండకముందే గొర్రె పిల్లను పడేయడం.

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. బ్రూసెల్లా అనే క్రిమి గొర్రెల్లో గర్భాలు పోగొడుతుంది. అలా పడిపోయిన పిల్లను ఒట్టి చేతులతో లాగిన మనిషికి అంటుకుంటుంది. మనుషుల్లో ఏళ్ళ తరబడి ఇలాంటి జ్వరమే వస్తుంది, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు బిడ్డలూ పోతారు. పులివెందులలో నాకు తెలిసిన ఒక పశువుల డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయి, గొర్రెలకు వాడే గులాబీ రంగు పరీక్షమందు ఒక సీసా అడిగి తెచ్చుకున్నాను. గాజుపలక మీద ఆమె రక్తపు సీరం ఒక చుక్క, ఆ మందు ఒక చుక్క కలిపి నాలుగు నిమిషాలు అటూ ఇటూ వంచాను. రోగం లేకపోతే నునుపుగా ఉండాలి. అది పాలు విరిగినట్టు విరిగింది.

కాబట్టి మందిచ్చి పంపాలి, అంతే కదా అనుకుంటారు. మందు ఆరు వారాలు వాడాలి. గర్భిణికి ఇవ్వదగిన మాత్ర మా ఆసుపత్రి బీరువాలోనే ఉంది. కాకపోతే అవి క్షయ రోగుల కోసం వచ్చిన మాత్రలు. ఇంకెవరికైనా ఇవ్వాలంటే పెద్ద ల్యాబు నుంచి రోగనిర్ధారణ కాగితం ఉండాలి, లేకపోతే సంజాయిషీ రాసుకోవాలి. హైదరాబాదులోని పెద్ద ల్యాబేమో, మంజూరైన పరిశోధన ప్రాజెక్టు కింద పంపిన రక్తానికి మాత్రమే ఈ పరీక్ష చేస్తుంది. ప్రాజెక్టు నంబరు లేని సీసాకు వాళ్ళు మూత కూడా తీయరు. నా పైఅధికారికి ఫోన్ చేసి గులాబీ చుక్క సంగతి చెబితే, "పశువుల మందుతో మనిషికి పరీక్ష చేస్తివా?" అని నవ్వాడు. అంటే ఆ బిడ్డ నిలవాలంటే ముందు నాకు గ్రాంటు రావాలి.

అంటువ్యాధుల పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ సరిగ్గా అప్పుడే దరఖాస్తులు పిలిచింది. నాలుగు రాత్రులు కూర్చుని రాసి పంపాను. మంజూరు ఉత్తరాలకు ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు కానీ, తిరస్కరించే ఉత్తరం నెల తిరక్కుండానే వచ్చింది. ఈ జబ్బు మా జిల్లాకు ప్రాధాన్య జాబితాలో లేదట.

సెలవు పెట్టి హైదరాబాదు పోయాను. ఆ సంస్థ ఆఫీసులో ఒక అధికారి ఓపికగానే మాట్లాడాడు. ఆ ఓపికే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

"జాబితా ఎలా తయారవుతుందండీ?" అని అడిగాను.

"మూడు చూస్తాం మేడమ్. ఎన్ని కేసులు రిపోర్టయ్యాయి, ఎంతమంది చనిపోయారు, అసెంబ్లీలోనో పేపర్లోనో గొడవైందా. మూడింటికీ మార్కులుంటాయి. కమిటీ కూడిక చేస్తుంది."

"మా దగ్గర కేసులున్నాయి."

"మీ జిల్లా వారం వారం పంపే ఫారాల్లో సున్నా ఉంది కదా?"

ఆ ఫారాల్లో మా ఆసుపత్రి లెక్క నింపి పంపేది నేనే. మలేరియాకు ఒక గడి, టైఫాయిడ్‌కు ఒక గడి, ఇంకా నాలుగైదింటికి గడులు. అన్నిటికంటే కింద 'ఇతర జ్వరాలు'. మా గొర్రెల జ్వరాలన్నీ తొమ్మిదేళ్ళుగా ఆ కింది గడిలోనే పడుతున్నాయి. ఫారంలో ఈ జబ్బుకు గడే లేదు, సున్నా కాక ఇంకేముంటుంది అన్నాను. జాబితాలో ఉన్న జబ్బులకే గడి వస్తుంది మేడమ్ అన్నాడాయన. జాబితాలోకి ఎలా వస్తుందయ్యా అంటే, కేసులు రిపోర్టయితే వస్తుంది అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి చేస్తున్నాడేమోనని. లేదు, మనిషి నిజాయితీగానే చెబుతున్నాడు.

"పైగా మీ జబ్బు పెద్దగా చంపదు మేడమ్. మార్కులు అక్కడే పోతున్నాయి" అని కూడా అన్నాడు. కడుపులో పోయిన బిడ్డలు చనిపోయినవాళ్ళ లెక్కలోకి రారని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి, సర్వే చేసి పేరు పేరునా ఫారాలు నింపి పంపితే మళ్ళీ పరిశీలిస్తామన్నాడు. ఆమెకు అప్పటికి నాలుగో నెల.

ఊళ్ళో రక్తం తీసుకోవాలంటే ఒప్పుకున్నట్టు ఫారం మీద వేలిముద్ర కావాలి. ఆ ఊళ్ళో పెద్దాయన సరేననకుండా ఎవరూ ఏ కాగితం మీదా వేలు పెట్టరు. ఎందుకు పెడతారు? ఏ కాగితం ఏ కేసులో తేలుతుందో వాళ్ళకు తెలుసు. పైవీధి పెద్దాయన విని, "మంచి పనే గదమ్మా, మా వాళ్ళందరూ ఇస్తారు" అన్నాడు. ఇచ్చారు. జ్వరమున్న కాపర్లు పన్నెండు మంది వచ్చారు, నాకు కావలసింది వాళ్ళే. ఒక ముసలి కాపరి మాత్రం తన రక్తం సీసాను చేతిలోంచి వదల్లేదు.

"రేపు కిందివీధికి గూడా పోతావంట గదా. వాళ్ళ రత్తం పక్కన నాది పెడతావా?" అన్నాడు.

వేరే ఐసు డబ్బా తెస్తానని ఒట్టు వేశాక ఇచ్చాడు. ఆ తర్వాత నేను నిజంగానే రెండు ఐసు డబ్బాలు మోశాను.

మర్నాడు కిందివీధికి పోతే, అక్కడి పెద్దాయన బడి అరుగు మీద నాకోసం కుర్చీ వేయించి పెట్టాడు. ముందు అడిగిన మాట ఇది.

"ఆ పక్క ఎంతమందికి రాసినావమ్మా జరం?"

"అది చెప్పకూడదండీ."

"చెప్పకపోతే పోనీలే. గవర్మెంటు ఏందో ఇస్తాదంట గదా జరాలు లెక్కపెట్టి. మా పక్క తక్కువ ఎట్ల ఉంటాది?"

బడి ముందు క్యూ కట్టారు. గొర్రె తోక కూడా పట్టుకోనివాళ్ళు, అంగడి పెట్టుకున్నవాళ్ళు, చక్కగా దుక్కలా ఉన్న పిల్లగాళ్ళు, అందరిదీ ఒకే పాట. మూడు నెలలుగా సాయంత్రం జరం, నడుము నొప్పి. ఒకతను వేలిముద్ర వేస్తూ నా చెవిలో, "నాకేం లేదమ్మా, పెద్దాయన రాపించుకోమన్యాడు" అన్నాడు. నేను గొంతు చించుకున్నాను. అయ్యా, ఇది పింఛను కాదు, ఇల్లు కాదు, జ్వరం లేనివాళ్ళు ఇళ్ళకు పోండి అని. ఎవరూ కదల్లేదు. ఆ సాయంత్రానికే సంగతి పైవీధికి చేరింది. తెల్లారి నేను బస్సు దిగేసరికి ఆసుపత్రి ముందు ఇంకో క్యూ ఉంది. రాత్రికి రాత్రి వాళ్ళకూ నడుము నొప్పులు వచ్చేశాయి. జ్వరాల్లో కూడా మెజారిటీ చూసుకునే ఊరిని నేనెక్కడా చూడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా గులాబీ చుక్క మాత్రం ఎవరి పార్టీ కాదు. క్యూలో నిలబెట్టినవాళ్ళ రక్తం నునుపుగా ఉండిపోయింది, కాపర్ల రక్తం రెండు వీధుల్లోనూ ఒకేలా విరిగింది. అసలు రోగులెవరో నా దగ్గర స్పష్టంగా ఉంది. కానీ తీసుకున్న ఫారాలన్నీ జతచేయాలని నిబంధన. అన్నీ కట్ట కట్టి పంపాను, ఏవి నిజమో ఏవి కావో పైన ఒక ఉత్తరం పెట్టి. నా ఉత్తరం ఎవరైనా చదివారో లేదో. ఒకే ఊళ్ళో ఇంతమందికి ఒకే మాటలతో జ్వరం నమోదైంది కాబట్టి సమాచారం నమ్మదగినది కాదని, గుర్తింపు లేని పరీక్షను పరిగణించలేమని జవాబు వచ్చింది. మొదట కేసులు లేవన్నారు. ఇప్పుడు మరీ ఎక్కువున్నాయన్నారు.

ఈ రాతకోతలు నడిచినంత కాలం ఆమె పదిహేను రోజులకోసారి వస్తూనే ఉంది. నేను జ్వరం మాత్రలిస్తూ, "కాగితం వస్తానే ఉంది, వచ్చినాక మంచి మందు మొదలుపెడదాం" అంటూనే ఉన్నాను. ఆమె తలూపి పోయేది.

ఆ జవాబు వచ్చిన పదో రోజున ఆమెను ట్రాక్టరులో తీసుకొచ్చారు. ఆరో నెల. నేను చేయగలిగిందేమీ లేకపోయింది. మగబిడ్డ.

సాయంత్రం మంచం పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. పైకప్పు చూస్తూ అడిగింది.

"ఇదే రోగమని నీకు ముందే తెలుసునా డాక్టరమ్మా?"

"తెలుసు" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మందు యాడుండాది?"

"ఈడనే ఉంది. బీరువాలో."

ఆమె నా వైపు తిరిగి చూసింది. "మల్ల ఎవురికోసరం చూస్తాంటివి?"

ఇన్ని నెలలుగా కమిటీని తిట్టాను, ఫారాలను తిట్టాను, రెండు వీధుల పెద్దమనుషులనూ తిట్టుకున్నాను. ఆమె ప్రశ్నకు వాళ్ళలో ఒక్కరిని కూడా జవాబుగా చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున బీరువా తెరిచి ఆరు వారాల మాత్రలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాను. కాగితం లేదు, నంబరు లేదు. రిజిస్టరులో ఆమె పేరు, జబ్బు పేరు ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. ఆరు వారాలకు జ్వరం పోయింది, మళ్ళీ రాలేదు. ఆ మాత్రలకు సంజాయిషీ అడుగుతారని నేను చాలా కాలం ఎదురుచూశాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.