సూదిగొంతు పిట్ట లేదన్న మనిషి

కుట్టు మిషన్ల మెకానిక్‌కి మిషను విప్పడమంటే నామోషీ. వినడం చేతకానివాడే స్క్రూడ్రైవరు పడతాడని ఆయన సిద్ధాంతం. ఎవరైనా మిషను మోసుకొస్తే బల్ల మీద పెట్టించి, చక్రం ఒక చుట్టు తిప్పి, కళ్ళు మూసుకునేవాడు.

"షటిల్ అరిగింది. పళ్ళ కింద దారప్పోగు ఇరుక్కుంది. మీ ఇంట్లో ఎవరో దీనికి వంటనూనె పోశారు."

తెచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. ఆ నూనె పోసింది నేనేనని మాత్రం ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఆ చెవులే ఆయన్ని పిట్టలవాళ్ళలో కలిపాయి. వాళ్ళొక పదిమంది, ఊళ్ళో పిట్టల్ని చూసి లెక్క రాసేవాళ్ళు. ఆదివారం చీకటితో లేచి తలో దిక్కూ తిరిగి, తొమ్మిదింటికి మందుల షాపు వెనకగదిలో చేరతారు. దగ్గు మందు అట్టపెట్టెలే కుర్చీలు. గోడకి ఊరి పటం, దాని నిండా రంగురంగుల గుండుసూదులు. వసంతం వచ్చిందంటే ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడదు.

"రైల్వే యార్డు వెనక మడుగులో బాతులు దిగాయి. నూటయాభై తక్కువుండవు. ఏడు దాటకముందే వెళ్ళండి, ఆ తర్వాత ఎండ మొహాన కొట్టి బాతుకీ బొగ్గుకీ తేడా తెలీదు," అన్నాడు మందుల షాపాయన.

"కాలేజీ గ్రౌండు పక్క ముళ్ళపొదల్లో నల్లతల పసుపుపిట్ట. గోడవారన కూర్చుంటే అదే వస్తుంది, మీరు దాని వెంట పడొద్దు."

"ఎవరు చూశారు?"

"నేనూ, మా బావమరిదీ."

"మీ బావమరిది కాకినీ కోకిలనీ ఒకే గాటన కట్టే మనిషి. ఇంకో సాక్షిని తీసుకురా, అప్పుడు సూది గుచ్చుదాం."

ఈ చివరి మాటన్నది బస్సు డ్రైవరు. గుంపుకి పెద్ద. గొంతు అలాంటిది గనక అందరూ హారన్ అన్న అంటారు. ఇద్దరు చూస్తేగానీ, వింటేగానీ పటం మీద సూది పడకూడదని రూలు పెట్టింది ఆయనే. ఆ రూలు వర్తించని మనిషి ఒక్కడే, మెకానిక్. "చెవుల బాబాయ్‌కి రెండో సాక్షి ఎందుకర్రా? ఆయన ఒక్కో చెవీ ఒక్కో మనిషి" అని హారన్ అన్న ఎప్పుడో తేల్చేశాడు. మెకానిక్ పైకి నవ్వి ఊరుకున్నా, లోపల ఆ మాటని పతకంలా దాచుకున్నాడు.

ఆయన వాటాకి వచ్చింది నీళ్ళ ట్యాంకుల వెనక సరుగుడు తోపు. ఏటా వసంతంలో అక్కడికొక రకం పిట్ట వచ్చేది. పుస్తకాల్లో దానికేదో బారెడు పేరుంది. మెకానిక్ సూదిగొంతు అన్నాడు, అందరికీ అదే అలవాటైంది. దారం చుట్టిన బాబిను కంటే తేలిక. ఎక్కణ్ణుంచో కొండలన్నీ దాటుకుని వచ్చి, చెట్టు కొసన, ఆకుల్లో ఆకై కూర్చుంటుంది. కంటికి ఆనదు. పాటొక్కటే దాని ఆచూకీ. సన్నగా, ఇంకా సన్నగా, కొత్త గుడ్డలోంచి సూది దూసినట్టు. మెకానిక్ కళ్ళు మూసుకుని తోపంతా నడిచి, ఎన్నిచోట్ల పాడితే అన్ని అని రాసుకునేవాడు. తోపులో తప్ప చుట్టుపక్కల మరెక్కడా అది గూడు పెట్టదు.

నాలుగేళ్ళ కింద పద్నాలుగు. మరుసటేడు తొమ్మిది. తర్వాత నాలుగు. నిరుడు ఒకటి. ఈ ఏడాది మూడు వారాలు తిరిగాడు. సున్నా.

సరిగ్గా అప్పుడే నీళ్ళ శాఖవాళ్ళకి కొత్త ట్యాంకు కట్టాల్సి వచ్చింది. తోపు కొట్టేస్తామన్నారు. చెట్లకి ఎర్ర రంగు గుర్తులు కూడా పడ్డాయి. అక్కడి ఇంజినీరు చెడ్డ మనిషేం కాదు, మాట కరుకు, అంతే. "ఆ పిట్ట ఈ ఏడు గూడు పెడుతున్నట్టు మీ మెకానిక్ గారి సంతకంతో రాసివ్వండి. ట్యాంకుని పక్క ఖాళీ స్థలంలోకి జరుపుతాను. శుక్రవారం దాకా ఆగుతా. ఉత్త చేతులతో మాత్రం రావొద్దు," అంది.

ఆదివారం వెనకగది కిక్కిరిసింది. అందరూ మెకానిక్ మొహమే చూశారు.

"లేదు," అన్నాడాయన.

"ఒక్కటైనా లేదా బాబాయ్?" హారన్ అన్న గొంతు తగ్గించాడు. తగ్గించినా షాపులో మందు కొనేవాళ్ళకి వినిపించింది. "ఒక్కటి రాసెయ్. పిట్టొచ్చి అబద్ధమని సాక్ష్యం చెబుతుందా ఏంటి?"

"నేను వినని పిట్టని ఇంతవరకూ రాయలేదు. ఇప్పుడు రాస్తే, ముందు రాసినవన్నీ కూడా అబద్ధమే అవుతాయి."

"తోపు పోతుంది బాబాయ్."

"తెలుసు. నాకంటే నీకు ఎక్కువ బాధా?"

చివరికి మెకానిక్, బుధవారం పొద్దున్న ఇంకొక్కసారి వెళ్ళొస్తానన్నాడు. "నేనూ వస్తా బాబాయ్. కొట్టేసేలోగా ఆ తోపుని ఒకసారి బొమ్మ గీసుకుంటా," అంది డ్రాయింగ్ టీచరు. ఆవిడ ఆ ఏడే గుంపులో చేరింది. సూదిగొంతుని చూసిందీ లేదు, విన్నదీ లేదు.

బుధవారం అయిదింటికి భార్య భుజం తట్టింది. ఆయన దిగ్గున లేచి చేతి గడియారం చూసుకుని, "చూశావా, ఇవాళ కూడా అలారం కంటే ముందే లేచా," అన్నాడు. ఆవిడ అటు తిరిగి దుప్పటి మడతపెట్టుకుంది.

తోపులో ఇంకా మసకగానే ఉంది. సరుగుడాకు రాలి కింద చాప పరిచినట్టుంది, అడుగు వేస్తే చప్పుడు లేదు. టీచరు నాలుగు చెట్లు దాటి నిలబడిపోయింది. చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

"బాబాయ్! ఇదేనా?"

"ఏది?"

"ఇదే... అబ్బ, ఇంత సన్నగానా! అదిగో, అటు కూడా. ఆ చివరన ఇంకోటి!"

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. "పెద్దవాణ్ణి పట్టుకుని ఎకసెక్కాలా టీచరమ్మా? నా బాధ నాకుంది."

"ఎకసెక్కం ఏంటి బాబాయ్! మీ నెత్తిమీదే పాడుతోంది. ఆ వంగిన కొమ్మ, కొసన చూడండి."

కసురుకుంటూనే బైనాక్యులర్ ఎత్తాడు. కొమ్మ దొరికింది. కొస దొరికింది. కొసన పిట్ట ఉంది.

ముక్కు తెరుచుకుని ఉంది. గొంతు కింద ఈకలు దడదడలాడుతున్నాయి. తోక, రెక్కలు, కాళ్ళు పట్టుకున్న కొమ్మ, అన్నీ ఆ పాటకి వణుకుతున్నాయి. బొటనవేలంత ప్రాణం తన బలమంతా పెట్టి పాడుతోంది. ఆయనకి గాలికి సరుగుడు హోరు వినిపించింది. రోడ్డు మీద లారీ వినిపించింది. పక్కన టీచరు ఊపిరి వినిపించింది. పిట్ట మాత్రం అద్దం అవతల ఉన్నట్టే ఉంది.

బైనాక్యులర్ దించలేదు. దించాలన్న ధ్యాస కూడా లేదు. పిట్ట తల ముందుకు వంచింది. నెత్తిన పసుపు గీత రెండుగా విచ్చుకుని, లోపలినుంచి నిప్పు కణికలాంటి ఎరుపు పైకి లేచింది. క్షణం మండి, మళ్ళీ మూసుకుంది. మళ్ళీ పాడింది, మళ్ళీ మండింది. ముప్ఫై ఏళ్ళు ఈ పిట్ట కిందే తిరిగాడు. కళ్ళు మూసుకుని తిరిగాడు. దాని తలలో అంత మంట ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చాలాసేపటికి తుప్పుపట్టిన నీళ్ళ పైపు మీద చతికిలబడ్డాడు.

"ఎన్ని వినిపిస్తున్నాయి?"

టీచరు వేళ్ళు మడిచింది. ఆయన ఎందుకలా పాలిపోయాడో ఆవిడకి అప్పుడే అర్థమైంది. "పదకొండు బాబాయ్," అంది మెల్లగా.

ఇంటికొచ్చి గడియారాన్ని చెవికి ఆనించి అలారం మోగించాడు. తెర మీద గంట బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. చప్పుడు లేదు. భార్య వంటగది గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇది మోగుతోందా?"

"చెవులు చిల్లులు పడేలా."

"ఎన్నాళ్ళనుంచి నాకు..."

"మూడేళ్ళు. రోజూ అది కొట్టుకోవడం, నేను నొక్కడం, మిమ్మల్ని తట్టడం."

"మరి చెప్పలేదేం?"

"అలారం కంటే ముందే లేచానని మీరు అంత సంబరపడుతుంటే, ఏం చెప్పమంటారండీ?" అంది. తర్వాత కాస్త కోపంగా, "డాక్టరు దగ్గరికి పోదామంటే, మిషన్ల జబ్బులు చెప్పేవాడికి డాక్టరెందుకన్నారు. గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఆ బుధవారం ఆయన కొట్టు తెరవలేదు.

గురువారం సాయంత్రం అందర్నీ వెనకగదికి పిలిచాడు. కూర్చోకుండా చెప్పాడు. "నాలుగేళ్ళుగా నేనిచ్చిన లెక్క తప్పు. తగ్గింది పిట్టలు కాదు. నా చెవులు."

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "వయసు పైబడితే ముందు పోయేవి సన్న చప్పుళ్ళే బాబాయ్. లావు చప్పుళ్ళు ఉంటాయి. అందుకే మిషన్లు మీకు బాగానే వినిపిస్తున్నాయి. మేమైనా ఒక్కసారి మీ వెంట రావాల్సింది. మీ మాటే రెండు సాక్ష్యాలని మేము ఊరేగించాం."

"సరే, సరే. టీచరమ్మ పదకొండు వింది కదా. రాసి పారేద్దాం!" హారన్ అన్న అందుకున్నాడు.

"రూలు ఎవరు పెట్టారు?" మెకానిక్ నిలదీశాడు. "ఆవిడ విన్నది, ఒక సాక్షి. రెండోవాడేడీ? పైగా ఇంజినీరమ్మ అడిగింది గూడు సంగతి. పాడినవన్నీ గూడు పెట్టవు. రేపు తెల్లారి అందరూ రండి. అప్పుడు నా సంతకం."

శుక్రవారం పదిమందీ పిల్లుల్లా తోపులోకి నడిచారు. చెవులున్నవాళ్ళందరూ తలలెత్తి మురిసిపోతున్నారు. హారన్ అన్న మాత్రం అటూ ఇటూ చూసి మెకానిక్ పక్కకి జరిగాడు.

"బాబాయ్, నాకూ ఏం వినపడి చావడం లేదు."

"నీకేమైందిరా?"

"ముప్ఫై అయిదేళ్ళు ఇంజను పక్కన కూర్చున్నవాణ్ణి. ఎప్పుడు పోయాయో ఏమో! నా గొంతు నాకు వినిపిస్తే చాలనుకున్నా."

మెకానిక్‌కి రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. చెవులు లేనివాళ్ళిద్దరూ కళ్ళపని పంచుకున్నారు. అటు నువ్వు, ఇటు నేను. గంట గడిచింది. మెడలు పట్టేశాయి. పాడే పిట్టల వైపు అందరూ చూస్తున్నారు గనక మెకానిక్ పాటలేని వైపు చూశాడు. పంపు గది గోడకి ఆనుకున్న చెట్టు. దాని నడిమి కొమ్మ దగ్గర ఏదో కదిలింది.

సూదిగొంతే. ముక్కు మూసుకుని ఉంది. ముక్కులో తెల్లటి నలుసు. గోడమీది సాలెగూటిలోంచి ఒక పోగు లాగి, ఎగిరి, కొమ్మ కింద దూరింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోగు. మెకానిక్ దాని వెంట చూపు నడిపించాడు. కొమ్మ కింద టీ గ్లాసు మూతి కంటే పెద్దది కాదు, నాచుతో అల్లిన బుట్ట వేలాడుతోంది. పిట్ట ఆ పోగుని అంచు చుట్టూ తిప్పి, లోపలికి పొడిచి, ఇవతలికి లాగి బిగించింది. జీవితమంతా దారాల మధ్య బతికిన మనిషి, అంత సన్నని దారం అంత గట్టిగా బిగియడం ఎప్పుడూ చూడలేదు.

"టీచరమ్మా," అన్నాడు పెదాలతోనే. "ఇది పాడుతోందా?"

ఆవిడ చెవి రిక్కించింది. "లేదు బాబాయ్. ఇది గప్‌చుప్‌గా ఉంది."

"ఆడపిట్ట. పాడదు." ఆయన బైనాక్యులర్ ఆవిడకి అందించాడు. "పాడదు గనక నా లెక్కలో ఎప్పుడూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా నేను సగం పిట్టల్నే లెక్కేశాను."

పదిమందీ ఒకరి తర్వాత ఒకరు చూశారు. మెకానిక్ మోకాలి మీద కాగితం పెట్టి, అక్కడే రాసిచ్చాడు. పాడేవి పదకొండు, టీచరూ మరి ఏడుగురూ విన్నారు. గూడు ఒకటి, పదిమందీ చూశారు. నేనింతకుముందు ఇచ్చిన నాలుగేళ్ళ లెక్క నా చెవుల లోపం వల్ల తప్పు, దాన్ని నమ్మవద్దు. ఆ చివరి వాక్యం అక్కర్లేదని హారన్ అన్న బతిమాలాడు. ఆయన వినలేదు.

ఇంజినీరు పదింటికి జీపులో వచ్చింది. కాగితం చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివి, మెకానిక్ మొహం ఒకసారి చూసింది. "అయిదు నిమిషాలే. ఎక్కడ?" అంది.

ఆయన బైనాక్యులర్ ఇచ్చి, భుజం పట్టుకుని తిప్పి చూపించాడు. ఆవిడ కాసేపు వెతుక్కుంది. తర్వాత కదల్లేదు. జీపు డ్రైవరు రెండుసార్లు వచ్చి, ఆవిడ చెయ్యి విసిరితే తిరిగి వెళ్ళిపోయాడు.

"అంచు కుడుతోంది," అంది చివరికి, ఎవరితోనో చెప్పినట్టు. అలాగే చూస్తూ, వెనకున్న మేస్త్రీని పిలిచింది. "ఆ కొలత కర్రలు పీకి ఖాళీ స్థలంలో పాతించు. చెట్ల మీద రంగు గీకించెయ్. చప్పుడు చెయ్యకుండా గీకాలి, విన్నావా?"

మేస్త్రీ వెళ్ళిపోయాడు. హారన్ అన్న రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. ఎండ పంపు గది గోడ మీదికి ఎక్కింది. మెకానిక్ ఒకసారి పొడిదగ్గు దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. బైనాక్యులర్ దించని ఇంజినీరు వినిపించుకోలేదు.

"మేడమ్," అన్నాడు ఆఖరికి, "కొంచెం నాకూ ఇస్తారా?"