చిల్లు పడని చొక్కా

నూజివీడులో నేను ఎస్సెస్సెల్సీ చదువుతున్న అరవైల తొలినాళ్ల సంగతి ఇది. మా తరగతిలోని ఊరి కుర్రాడు సుబ్బారావు ముఖాన పొక్కులు లేచిన మాట నిజం, కళ్లారా చూశాను. ముందురోజు సాయంత్రం మా తరగతిలోనే ఉన్న హాస్టల్ కుర్రాడు వెంకన్న అతని మీద యాసిడ్ పోశాడన్నది మాత్రం విన్న మాట.

అప్పటికి నెల రోజులుగా ఊరి కుర్రాళ్లకూ హాస్టల్ వాళ్లకూ కొట్లాటలు. ఆ ఉదయం మాస్టారు రాకముందే పదిమంది ఊరి కుర్రాళ్లు హాకీ కర్రలతో తరగతిలోకి వచ్చి వెంకన్నను గోడకు అదిమారు.

“నేను పొయ్యలేదురా, అమ్మతోడు!”

“మరా మొహం ఏంట్రా? దేవుడొచ్చి పోశాడా?”

కర్ర లేచింది. నేను వెళ్లి సుబ్బారావు కాలరు పట్టుకున్నాను. నిన్నటి చొక్కాయే. నల్లటి మరకలున్నాయి కానీ చిల్లు ఒక్కటీ లేదు.

“యాసిడ్ అయితే గుడ్డని తినెయ్యదా? వాసన చూడండ్రా, ఇది మామిడి సొన!”

తోటల మధ్య పెరిగినవాళ్లకు ఆ వాసన, అది తగిలితే లేచే పొక్కులు ఒకరు చెప్పనక్కర్లేదు.

“ఎవరి తోటలో పడ్డావురా దొంగా?” అన్నాడు కర్ర ఎత్తినవాడే.

సుబ్బారావు తల దించుకున్నాడు. కర్రలు దిగాయి. కాసేపటికి మాస్టారు లెక్క చెబుతుంటే, వెంకన్న కూడా అందరితోపాటు రాసుకున్నాడు.

యాసిడ్ అన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో నేటికీ తెలియదు. అడిగిన ప్రతివాడూ మరొకరు చెప్పగా విన్నానన్నాడు. సుబ్బారావును మాత్రం నేను అడగలేదు. పరీక్షలదాకా అతనూ వెంకన్నా ఒకే బెంచీ మీద కూర్చోవలసినవాళ్లు.