వానను తిట్టిన గాయకుడు

రాయచెర్లులో గొర్రెలకాపరుల ఇంట పుట్టిన గోపాలప్పకు పాట పిచ్చి. ఎనభై ఆరులో పావగడలో ఎవరో వీడియో కేసెట్టు వేసి చూపిస్తుంటే పరదేశి బ్యాండు ఒకటి అతని కంటబడింది. మగాళ్ళే, కానీ నడుం దాకా జుట్టు, కళ్ళకు కాటుక, తళుకుల కోట్లు, చెవులు గింగిర్లెత్తించే గిటార్లు! అంతే, మనవాడికి అన్నం సహించలేదు. జుట్టు పెరిగేదాకా ఆగే ఓపిక యాడిది? నల్లగొర్రెల బొచ్చుతో విగ్గులు కుట్టించాడు. స్నేహితుడు శివన్న గిటారు పట్టాడు, ఇంకో ఇద్దరు డ్రమ్ములు, కీబోర్డు. ఊరు పకపకా నవ్వింది. నవ్వనీ! రెండేళ్ళు తిరిగేసరికి మడకశిర నుంచి మధుగిరి దాకా వినాయకుడి పందిళ్ళలో ఆ బొచ్చు విగ్గులను చూడ్డానికి జనం విరగబడ్డారు.

పేరొచ్చాక తగాదాలు రాకుండా ఉంటాయా? పోస్టరు మీద ఎవరి బొమ్మ పెద్దదని శివన్న రెండుసార్లు అలిగి పోయాడు. రెండుసార్లూ గోపాలప్పే గడ్డం పట్టుకుని బతిమాలి తెచ్చుకున్నాడు. ఈలోగా వరసగా మూడేళ్ళు వానల్లేక వేరుశనగ చేలన్నీ బీడుపడ్డాయి.

తొంభై రెండు జూన్‌లో బెంగళూరు నుంచి కేసెట్ల కంపెనీ ఆయన వచ్చాడు. పాట నచ్చితే కేసెట్టు వేస్తానన్నాడు. గోపాలప్ప ఆరేళ్ళ ఆశంతా ఆ ఒక్క సాయంత్రం మీదే. మైదానంలో కచేరీ మొదలుపెట్టి రెండో పాట ఎత్తుకున్నాడో లేదో, ఫెళ్ళున ఉరిమి వాన దంచికొట్టింది. జనం సంతోషంతో కేకలు పెడుతూ ఊళ్ళకు పరుగెత్తారు. శివన్న కూడా గిటారు దించేశాడు.

"యాడికి పోతావప్పా? ఆయన ఇంకా ఈడే ఉండాడు. ఒక్క పాట!"

"నేల పదును ఆరిపోతే ఈ యేడు పంట కూడా పోయినట్లే గోపాలా. తెల్లారేసరికి విత్తనానికి గొర్రు కట్టల్ల."

"ఈ వాన పాడుగాను! ఇయ్యాలే రావల్లనా?"

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ మాట మైదానమంతా వినబడింది. పరుగెత్తేవాళ్ళు కూడా ఆగి వెనక్కి చూశారు. కేసెట్ల ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దున తమ చేలో గోపాలప్ప ఎడ్లను కట్టి, విత్తే గొర్రు పట్టుకున్నాడు. ఒడిలో విత్తనాలు పోసుకున్న తల్లి దొడ్డమ్మ అడుగు వేయలేదు.

"వానను తిట్టినావంట, నిజమేనా?"

"తిట్టినానమ్మా."

"కోపంలో నోరు జారినావులేరా."

ఔనంటే అక్కడితో అయిపోయేది. గోపాలప్పకు అబద్ధం నోట రాలేదు.

"లేదమ్మా. రాకుండా ఉంటే బాగుండునని నిజంగానే అనుకున్యా. ఇప్పుడూ నా మనసులో అట్లే ఉండాది."

దొడ్డమ్మ దగ్గరికొచ్చి అతని చేతిలోంచి గొర్రు తీసుకుంది.

"నీ చేత్తో వద్దు నాయనా. పక్కకు జరుగు."

గోపాలప్ప సిగ్గుతో గట్టెక్కి నిలబడ్డాడు. ఆ ఏడు కాయ బ్రహ్మాండంగా దిగింది. దాన్ని చూసినా తనకు సంతోషం కలగలేదని తెలిసి, అతనికి తన మనసంటేనే భయం పుట్టింది.