నలభై ఐదు అక్షరాల జబ్బు

మా బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లల్లో ఒకరు ముందుకొచ్చి రెండు సంగతులు చదవాలి. చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందన్నది ఒకటి, ఎవరూ వాడని ఇంగ్లీషు మాట ఒకటి, దాని అర్థంతో, పుట్టుకతో సహా. టీచరుగా ఆ చీటీలు రాసిచ్చే పని నాది. ఏ దేశపు రాజు ఏ తేదీన పట్టానికొచ్చాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా నాన్న పుట్టిన తేదీ మాత్రం ఎవరికీ తెలియదు. బంగారు గనిలో చేరేటప్పుడు గుమాస్తా తనకు తోచింది వేసేశాడట.

పోయిన నెల కోలారులో డాక్టరు నాన్న ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూసి, రాతి ధూళి అన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇక బాగయ్యేది లేదని చెప్పాడు. నాన్న బయట బెంచీ మీద ఉన్నాడు. బూదికోట దగ్గర రాగి చేను వదిలి వచ్చి, గని మూసేదాకా రాతికి డ్రిల్లు పట్టిన మనిషి.

ఆ జబ్బు పేరు నాకు ఎనిమిదో తరగతి నుంచీ తెలుసు. న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. ఇంగ్లీషులో నలభై ఐదు అక్షరాలు. స్కూలు వార్షికోత్సవంలో స్టేజి మీద గుక్క తిప్పుకోకుండా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. సన్నటి రాతి ధూళి పీల్చేవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల రోగమని తెలుగులోనూ తమిళంలోనూ వివరించాను. అన్నిటికన్నా పొడుగు మాట కావాలని పజిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి దాన్ని తయారు చేశారట. వాళ్ళకది కాలక్షేపం. నా ఎదురుగా కూర్చున్న తండ్రుల్లో సగంమంది గనిలోకి దిగేవాళ్ళేనని నాకు తట్టనే లేదు. ఆ తర్వాత ముళబాగిలు నుంచి ఏ చుట్టం వచ్చినా నాన్న నాచేత ఆ మాట చెప్పించి మురిసిపోయేవాడు. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తిరుగు బస్సులో నాన్నకు ఛాతీలో ఉత్త నిమ్మేనని, మందులకు తగ్గిపోతుందని అబద్ధం చెప్పాను. ఆయన కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

"దాచేది ఎందుకమ్మా. అర్థం నువ్వే చెప్పినావు కదా, ఆ పొద్దు స్టేజి మీద. అప్పటికే నాకు దగ్గు ఉండె."

మరి ఆ పని ఎందుకు మానలేదని అడిగాను.

"మానేసి యాడికి పోయేది? మర్నాడు ఆరు గంటల షిఫ్టుకు మళ్ళీ దిగినాను."