విన్నది పెన్సిలుతో, చూసింది పెన్నుతో

పోయినవారిని తలచుకొనే వేళ ఉన్నవారు తమ నడతను నలుగురి ఎదుటా విప్పి చూసుకోవాలని మా గురువులు చెప్పేవారు. ఆ నియమానికి తలవంచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పొదిలి చుట్టుపక్కల ఊళ్ళలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతూ, ఏటా వారి వివరాలు సేకరించి ప్రభుత్వానికి పంపిన రిసోర్స్ టీచరమ్మ మొన్న కన్నుమూశారు. చర్చి ఆవరణలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో ఒక అధికారి లేచి, ఏ ఏడూ గడువు దాటనివ్వని ఉద్యోగిని అని ఆమెను కొనియాడారు. నేను తల దించుకున్నాను. గడువు దాటిపోయిన ఒక ఏడు నాకు తెలుసు. అది దాటిపోయింది నా సంతకం వల్ల.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ప్రధానోపాధ్యాయ బాధ్యత కూడా నా మీద పడింది. మా బడి వరండా చివరి గది ఆమెది. భుజాన ఒక గుడ్డసంచి, అందులో సర్వే ఫారాలు, మరమరాల పొట్లం, ఒక పెన్సిలు, ఒక పెన్ను. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఇతరులు చెప్పిన సంగతిని పెన్సిలుతో రాసుకొనేవారు. బిడ్డను కళ్ళారా చూసి, పేరు పెట్టి పిలిచి, దోసిట్లో మరమరాలు పోసి, ఆ వేళ్ళు వాటినెలా పట్టుకుంటున్నాయో గమనించిన తరువాతనే ఆ రాత మీద పెన్ను నడిపేవారు. “విన్నది పెన్సిలుతో, చూసింది పెన్నుతో, మాస్టారూ. విన్నదాన్ని చెరిపే వీలుండాలి” అనేవారు. ఇదేం చాదస్తమని నేను లోలోపల నవ్వుకొనేవాణ్ణి.

ఒక ఏడు సర్వే సమయానికి ఆమె టైఫాయిడుతో మంచం పట్టారు. పని బడి గుమాస్తాకు అప్పగించాను. అవి మిరప కోతల రోజులు. మా మెట్ట ఊళ్ళ కూలీలు ఆ నెలల్లో ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు తరలిపోతారు. వినికిడి లేని ఒక ఏడేళ్ళ పిల్ల ఇంటికీ తాళమే ఉంది. వాళ్ళు ఊళ్ళో లేరని పక్కింటావిడ చెప్పింది. గుమాస్తా ఆ పేరు ఎదుట ‘శాశ్వత వలస’ అని రాసుకొచ్చాడు.

“ఖాళీ వదిలితే కంప్యూటరు ముందుకెళ్ళదు సార్. ఏదో ఒకటి కొట్టాలి” అన్నాడు.

నేను చదవకుండానే సంతకం చేశాను. పద్యంలో ఒక్క గణం జారితే పిల్లలను బెంచీ ఎక్కించినవాణ్ణి. జాబితాలోంచి ఒక బిడ్డ జారిపోతే నాకేమీ తోచలేదు.

జ్వరం తగ్గీ తగ్గకముందే ఆమె వచ్చి నకలు ప్రతి చూశారు.

“ఈ పిల్ల లేదని ఎవరు చెప్పారు మాస్టారూ?”

“పక్కింటావిడమ్మా. ఊళ్ళో లేరందట.”

“ఊళ్ళో లేకపోతే లోకంలోనే లేనట్టాండీ? పేరు లేకపోతే చెవి మిషను క్యాంపుకి పిలవరు. ఈ వయసులో ఒక ఏడు పోతే ఎన్ని మాటలు పోతాయో నేను మీకు చెప్పాలా? మాటలు నేర్పే పంతులుగారు మీరు!”

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. అమరావతి వెళ్ళే దారిలో, అడిగి అడిగి, ఒక మిరప కల్లం చేరాం. ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. పిల్ల తల్లి పరుగున వచ్చింది.

“ఏంటమ్మా, మా పిల్ల కోసం ఇంత దూరమొచ్చావా? ఈ సారెవరు, డాక్టరా?”

“మన బడి హెడ్మాస్టరు గారేనే. నీ కూతురు లేదని సంతకం పెట్టారు. ఉందో లేదో చూస్తారని తీసుకొచ్చా.”

తల్లి పగలబడి నవ్వింది. “ఎందుకు లేదు సారూ! రెండు పూటలా తింటంది కూడా!”

పిల్ల ఎర్రని రాశి పక్కన కూర్చొని రంగు పోయిన తాలుకాయలు ఏరి అవతల పడేస్తోంది. టీచరమ్మ వెనకనుంచి మూడుసార్లు పిలిచారు. కదలలేదు. ఎదుటికి వెళ్ళి కూర్చోగానే గుర్తుపట్టి, కారం అంటిన చేతులు వెనక్కి దాచుకొని నవ్వింది. ఆమె అక్కడే, మోకాలి మీద ఫారం పెట్టుకొని, పెన్నుతో పేరు రాశారు. తిరుగు బస్సులో నాతో ఒకే మాట అన్నారు. “మనమూ తాలు ఏరినట్టే ఏరేశాం, మాస్టారూ.”

దిద్దిన ఫారం చేరేసరికి గడువు ముగిసింది. లిస్టు క్లోజయింది, వచ్చే ఏడు చూద్దామని పై కార్యాలయంవారు అన్నారు. చెవి మిషను మరుసటి ఏడే వచ్చింది. పిల్లకు శబ్దం అందింది గాని మాట సరిగా పట్టుబడలేదు. ఇంకొంత ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు మధ్యలోనే ఆగిపోయారు. ఆ తరువాత ఆమె నన్ను ఒక్కనాడూ నిందించలేదు. నిందించి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పుడే సర్వే చేసేవారి కోసం నియమాలతో ఆమె ఒక నోటుపుస్తకం మొదలుపెట్టారు. వివరం ఎవరు చెప్పారు, బిడ్డను ఎవరు చూశారు, ఏ రోజు చూశారు అన్నవి ప్రతి పేరుకూ రాయాలి. తాళం ఉంటే ‘చూడలేదు’ అనాలి, ‘లేరు’ అనకూడదు. కోతలనుంచి కూలీలు తిరిగొచ్చాక మళ్ళీ వెళ్ళాలి. భాష దిద్దమని నాకిచ్చారు. నేను దిద్దిన పుటలు చూసి, “మీ సమాసం విప్పుకొనేసరికి పిల్ల పెళ్ళీడుకొస్తుంది మాస్టారూ” అని అన్నీ కొట్టేశారు. ఆ కొట్టివేతలకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. మాట ఎవరి కోసమో అప్పుడు తెలుసుకున్నాను. ఆ పుస్తకాన్ని పై కార్యాలయానికి మూడుసార్లు పంపారు. ఫార్మాటులో లేదని మూడుసార్లూ తిప్పి పంపారు. ‘చూడలేదు’ అనే గడి ఆ ఫారంలోకి నేటికీ రాలేదు. కాంట్రాక్టు ఉద్యోగినిగానే ఆమె వెళ్ళిపోయారు.

కూడిక ముగిశాక, కొనియాడిన ఆ అధికారే నన్ను పక్కకు పిలిచారు.

“సార్, ఆవిడ లాగిన్ పాస్‌వర్డు మీకేమైనా తెలుసా? సర్వే ఆగిపోయింది.”

“తెలియదు. ఆమె రాసిన పుస్తకం ఉంది, ఇవ్వమంటారా?”

“అది తర్వాత చూద్దాం లెండి” అని కారెక్కారు.

ఆ పుస్తకం నా దగ్గరుంది. కావలసినవారు ఎప్పుడైనా వచ్చి జిరాక్సు తీసుకోవచ్చు.

ఇకమీదట ఆ ఫారాలు పట్టుకొని ఊళ్ళవెంట బయలుదేరే బిడ్డలారా! మీ పాదాలకు బలం, మీ చేతికి భయం కలుగుగాక. చదవకుండా సంతకం చేసే నా వంటి పెద్దలు మీకు తారసపడకుందురుగాక. మీరు పిలిచిన ప్రతి పేరుకూ ఒక ముఖం మీవైపు తిరుగుగాక. పిలుపు వినబడని బిడ్డ ఎదుటికి మీరే నడిచి వెళ్ళి, కూర్చొని, కనబడుదురుగాక.