విత్తనాల పెట్టె మీద కూర్చున్న రోజు

మా ఊరి పంచాయతీ గోడకు రేడియో వచ్చిన కొత్తల్లో, మాకు దేవుడి కన్నా దాని మీదే గురి. వాన ఎప్పుడు ఇస్తాడో దేవుడు చెప్పడు, రేడియో చెప్పేది. సాయంత్రం దాని మీట తిప్పే పని నాయన తమ్ముడిది. (ఊరంతా ఆయన్ని వాన చిన్నాయన అనేవాళ్లు. వాన తనే కురిపిస్తున్నట్టు తలగుడ్డ సర్దుకుని నిలబడేవాడు.) ఒకరోజు అది "రాగల ఇరవై నాలుగు గంటల్లో రాయలసీమలో భారీ వర్షాలు" అంది. అంతే, ఇళ్ల ముందు బానలు, బిందెలు బారులు తీరాయి. వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలన్నీ ఇంట్లో కుప్ప పోశాం. ఆరుబయట హాయిగా పడుకునేవాళ్లం కాస్తా ఆ ఘాటులో, ఆ ఉక్కలో తలుపులు మూసుకుని తుమ్ముతూ పడుకున్నాం. వాన రాలేదు. మర్నాడు వడగాడ్పు కొట్టింది. ఆ సంగతి రేడియో సాయంత్రం చెప్పింది, మేం మాడిపోయాక.

వారం తిరక్కుండా అదే గొంతు మళ్లీ అదే మాట చెప్పింది. ఈసారి నాయన, చిన్నాయన విత్తనం వేసేద్దామనుకున్నారు. మా వీధి మొత్తానికి విత్తే గొర్రు ఒక్కటే. వాన పడ్డాక దాని కోసం కొట్లాటే కాబట్టి ముందే విత్తేద్దామని వాళ్ల ఆలోచన. ఆ విత్తనం శనక్కాయలు ఒలిచింది మాత్రం నేనూ అవ్వా. బొటనవేళ్లు వాచిపోయి సంగటి ముద్ద కూడా చేసుకోలేకపోయాను. ఒక్క పప్పు నోట్లో వేసుకోలేదు (అది నాకెంత కష్టమో అవ్వకే తెలుసు). పొడి మట్టిలో వేశాక వాన రాకపోతే చీమల పాలే. ఇంట్లో మరో గింజ లేదు. ఏడాదంతా అందరం కూలికి పోవాల్సిందే. అందుకే పొద్దున్నే పోయి, ఎలుకల భయానికి విత్తనాలు పోసిపెట్టిన చెక్కపెట్టె మీద కూర్చున్నాను.

"లెయ్యి అమ్మీ, ఎద్దులు కట్టినా," అన్నాడు నాయన.

"లెయ్యను నాయనా. వాన పడినాక లేస్తా."

"రేడియోలో చెప్పినారు కదమ్మా. ఢిల్లీలో పెద్ద చదువులు చదివినోళ్లు."

"వాళ్లకు మన చేను యాడుండాదో తెలుసునా? పోయిన వారం మిరపకాయల పక్కన పడుకునింది వాళ్లా, మనమా?"

చిన్నాయన బుజ్జగింపుకు దిగాడు. "నా పరువు తియ్యొద్దే. నేను చెప్పిన మాట ఊరంతా ఇంటాది."

"నువ్వేం చెప్పినావు చిన్నాయనా? మీట తిప్పినావు, అంతే కదా."

అవ్వ వక్కాకు నములుతూ తీర్పు చెప్పింది. "ఇడిసిపెట్టండప్పా. బలవంతాన లేపితే పెట్టెతో సహా లేస్తాది."

మధ్యాహ్నం అవ్వ సంగటి పెట్టె దగ్గరికే తెచ్చింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే నాకు లోపల పండగలా ఉంది. నాయన ఎద్దులను విప్పేశాడు. పొద్దు వాలుతుండగా గాలి తిరిగింది. మట్టి వాసన వచ్చింది. తర్వాత వాన, ఆకాశానికి చిల్లు పడినట్టు. మా మట్టిమిద్దెకు కూడా చిల్లు పడింది, సరిగ్గా నా నెత్తిన.

"లెయ్యి అమ్మీ, విత్తనం తడుస్తాది," అన్నాడు నాయన.

"నేను అడ్డముండా కదా. నేను లేస్తేనే తడుస్తాది."

అవ్వ ఇత్తడి చెంబు తెచ్చి నా నెత్తిన పెట్టింది. అలా టంగు టంగుమంటూ కూర్చున్నప్పుడే తడిసి ముద్దయిన చిన్నాయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "ఇప్పుడేమంటావు?"

"ఇప్పుడు ఇత్తుకోండి అంటా. రేడియో మీద ఇత్తొద్దన్నా గానీ వాన మీద ఇత్తొద్దన్నానా?" అని, చెంబు ఆయన చేతికిచ్చి దిగాను.

(రేడియో మాట విని ముందే విత్తినవాళ్ల చేలల్లో మొలకలు మాకంటే ముందే వచ్చాయి. గొర్రు మాకు అందరికన్నా చివర దొరికింది. అయినా నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.)

ఇప్పుడు కళ్యాణదుర్గంలో మా ఇంట్లోనే ట్రాన్సిస్టరు ఉంది. అది వాన అంటే నేను కావాలనే వడియాలు ఎండబెడతాను. మొన్న తడిశాయి. తడవనీ. నాయన మాత్రం నా పెళ్లయ్యాక కూడా విత్తే రోజు ఆ పెట్టె దగ్గర కాసేపు ఊరికే నిలబడతాడంట. అవ్వే వెనక నుంచి చెప్పాలంట: "ఎవరూ కూసోలేదప్పా, ఎత్తుకో."